స్కోర్స్‌బీ సుండ్‌లో వారం: మంచు దారిస్తే ఇట్టొక్కొర్టోర్మీట్

గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో, స్కోర్స్‌బీ సుండ్ అనే ఫ్యోర్డు (కొండల మధ్య నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ముఖద్వారం దగ్గర, 70 డిగ్రీల 29 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఇట్టొక్కొర్టోర్మీట్ అనే ఊరుంది. జనాభా 350 చుట్టుపక్కల. దక్షిణాన అన్నిటికంటే దగ్గరి పట్టణం తాసీలాక్, దాదాపు 800 కిలోమీటర్ల దూరం. ఉత్తరాన ఇక ఊళ్లే లేవు. 1974లో ఏర్పాటైన 9,72,000 చదరపు కిలోమీటర్ల జాతీయ వనం అటువైపు మొదలవుతుంది. ఏడాదిలో తొమ్మిది నెలల పాటు సముద్రం గడ్డకట్టి ఓడకు దారి ఉండదు. ఏడాదికి సరిపడే సరుకంతా వేసవిలో ఒకటి రెండు ఓడల్లో రావాలి. యాత్రికుల ఓడలు కూడా ఆ కొద్ది వారాల్లోనే, ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వస్తాయి.

ఓడ ఇక్కడ ఆగేది మూడు నాలుగు గంటలే. ఆ కాస్త సేపు సార్థకం కావాలంటే మిగతా వారం ఎలా గడపాలో తెలిసుండాలి. ఐస్‌లాండ్‌లోని అకురేరి నుంచి బయల్దేరి అక్కడికే తిరిగొచ్చే మామూలు మార్గం ప్రకారం ఆ వారాన్ని రోజువారీగా చెప్తాం.

బయల్దేరే ముందు: వీసా

విమానం టికెట్ కొనక ముందే తేల్చుకోవాల్సింది ఇది. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మామూలు షెంగెన్ వీసా ఉంటే సరిపోదు. గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందని స్పష్టంగా ముద్రించిన వీసా కావాలి, అది ఇచ్చేది డెన్మార్క్ అధికారులు. ఐస్‌లాండ్ షెంగెన్‌లో ఉంది కాబట్టి ఓడ గ్రీన్‌లాండ్‌కు వెళ్తే మీరు షెంగెన్ దాటినట్టే, తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టే. అందుకే షెంగెన్ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించే రకం అయి ఉండాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో రేవు దాకా వచ్చినవాళ్లను ఓడ ఎక్కించుకోరు, డబ్బూ వెనక్కి రాదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరపడతారు. హెచ్‌వన్‌బీ ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు అయితే పై రెండూ కావాల్సిందే. అమెరికా పౌరసత్వం వచ్చినవాళ్లకు మాత్రం ఈ బాధ లేదు.

బీమాలో వైద్య తరలింపు ఖర్చు కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. ఊళ్లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రమే. పెద్ద జబ్బు చేస్తే హెలికాప్టర్‌లో 40 కిలోమీటర్ల అవతల ఉన్న నెర్లెరిట్ ఇనాట్ విమానాశ్రయానికి, అక్కణ్నుంచి విమానంలో ఐస్‌లాండ్‌కు తీసుకెళ్లాలి. పొగమంచు ఉంటే రెండూ ఎగరవు.

మొదటి రోజు: అకురేరి

మధ్యాహ్నం ఓడ ఎక్కుతారు. పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో తీసుకుని దాచి ఉంచుతారు. బయల్దేరే ముందు ప్రమాద కసరత్తు తప్పనిసరి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినపడగానే వెచ్చని బట్టలు వేసుకుని, లైఫ్ జాకెట్‌తో చెప్పిన చోటికి చేరాలి.

ఆ తర్వాత బూట్ల పంపకం. చాలా ఓడలు మోకాలి కిందివరకు వచ్చే రబ్బరు బూట్లు అరువిస్తాయి. మందపాటి ఉన్ని సాక్సులు వేసుకునే సైజు చూడండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మాత్రం మీరే తెచ్చుకోవాలి. దాన్ని బూటు లోపలికి దోపకూడదు, బూటు పైనుంచి కిందికి వదలాలి. లోపలికి దోపితే అల కొట్టినప్పుడు నీళ్లు జారి నేరుగా బూట్లోకి దిగుతాయి. జీన్స్ పెట్టెలోనే ఉంచండి. తడిసిన నూలు ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఒంటికి అంటి ఉండే ఉన్ని బనియను, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్, ఈ మూడు పొరలు చాలు. ఆగస్టులో ఉష్ణోగ్రత సున్నా నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటుంది. అసలు చలి పుట్టేది పడవ వేగంలో తగిలే గాలికి.

అకురేరి ఉన్న ఫ్యోర్డు పేరు ఎయ్యాఫ్యోర్డుర్, దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు, ఆ లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. కడుపులో తిప్పే స్వభావం ఉంటే ఇక్కడే, అంటే బయటి సముద్రం తగలడానికి గంటా రెండు గంటల ముందు, మాత్ర వేసుకోవాలి. మన మందుల షాపుల్లో దొరికే అవోమిన్ గానీ స్టూజెరాన్ గానీ పనికొస్తాయి. ముందే మీ డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి. వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు.

రెండో రోజు: డెన్మార్క్ జలసంధి

రోజంతా సముద్రమే. సుమారు 300 నాటికల్ మైళ్లు. దక్షిణం నుంచి వచ్చే వెచ్చని నీళ్లూ, ఆర్కిటిక్ నుంచి దిగే చల్లని తూర్పు గ్రీన్‌లాండ్ ప్రవాహమూ ఇక్కడ పక్కపక్కనే పారతాయి. పొగమంచు ఎక్కువగా పట్టేది అందుకే.

ఓడలో దెబ్బలు ఎక్కువగా తగిలేది ఈ రోజే. కాలు జారడం సంగతి ఎవరికైనా తడుతుంది. వేళ్లు నలగడం గురించే చెప్పాలి. ఓడ ఒరిగినప్పుడు జనం ఆసరా కోసం తలుపు చట్రాన్ని పట్టుకుంటారు. బరువైన ఇనప తలుపు దానంతటదే మూసుకుని వేళ్ల మీద పడుతుంది. గోడ కమ్మీనే పట్టుకోండి, తలుపును పిడితో మాత్రమే తియ్యండి.

పొద్దున ఒక సమావేశానికి అందరూ రావాల్సిందే. ఆర్కిటిక్ యాత్రా నౌకల సంఘమైన ఏఈసీవో నియమాలు, ధ్రువపు ఎలుగుబంట్ల జాగ్రత్తలు, రబ్బరు పడవ ఎక్కే పద్ధతి అక్కడే చెప్తారు. తర్వాత జీవభద్రత తనిఖీ. బయట వేసుకునే బట్టలు, సంచులు, కెమెరా స్టాండ్ కాళ్లు అన్నీ తెచ్చి వాక్యూమ్ పెట్టాలి. వెల్క్రో పట్టీల్లో, జేబుల అడుగున గడ్డి గింజలు ఇరుక్కుని ఉంటాయి. ఐస్‌లాండ్‌లో నడిచొచ్చిన బూట్ల గాడుల్లో మట్టి ఉంటుంది. పిన్నీసుతో గీకి తియ్యాల్సిందే.

గడియారం సంగతి కూడా ఉంది. ఇట్టొక్కొర్టోర్మీట్‌లో వేసవి సమయం ఐస్‌లాండ్ కంటే ఒక గంట వెనక. ఓడ ఏ సమయం పాటిస్తుందో అడిగి, చేతి గడియారాన్నే నమ్మండి. ఫోను తనంతట తాను గంట మార్చుకుని పడవ తప్పిస్తుంది.

మూడో రోజు: మంచు అంచు, ఫ్యోర్డు ముఖద్వారం

తెల్లారేసరికి గాలి చల్లదనం మారుతుంది. దిగంతం మీద మబ్బుల అడుగున తెల్లటి వెలుగు కనిపిస్తే, దాని కింద మంచు ఉన్నట్టు. ఆర్కిటిక్ మహాసముద్రంలో ఏళ్ల తరబడి గట్టిపడ్డ మంచుపలకలు ఫ్రామ్ జలసంధి గుండా వచ్చి ఈ తీరం వెంబడే దక్షిణానికి కదులుతుంటాయి. వేసవిలో పలచబడతాయి కానీ పూర్తిగా పోవు. తూర్పుగాలి రెండు రోజులు వీస్తే, నిన్న తెరిచి ఉన్న దారి ఇవాళ మూసుకుంటుంది.

మంచు ఎంత ఉందో పదో వంతుల్లో చెప్తారు. పదింట రెండు మూడు వంతులైతే ఓడ మలుపులు తిరుగుతూ వెళ్తుంది. ఏడెనిమిది అయితే యాత్రికుల ఓడ లోపలికి తల పెట్టదు. 2017 జనవరి 1 నుంచి అమలులో ఉన్న పోలార్ కోడ్ ప్రకారం, ఏ ఓడ ఎంత మంచులోకి పోవచ్చో దాని పత్రంలోనే రాసి ఉంటుంది. కెప్టెన్ డెన్మార్క్ వాతావరణ సంస్థ ఇచ్చే మంచు పటాలు చూసి నిర్ణయిస్తాడు. బ్రిడ్జిని (ఓడ నడిపే గదిని) యాత్రికులకు తెరిచి ఉంచే ఓడ అయితే ఈ పూట అక్కడే ఉండండి, వారంలో ఇంతకంటే నేర్చుకునే చోటు లేదు.

స్కోర్స్‌బీ సుండ్ ముఖద్వారం వెడల్పు 30 కిలోమీటర్లకు దగ్గర. దక్షిణాన బ్రూస్టర్ అగ్రం, ఉత్తరాన లివర్‌పూల్ ల్యాండ్. లోపలికి పోయే పాయల్లో అతి పొడవైనది 350 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంత పెద్ద ఫ్యోర్డుల సముదాయం మరొకటి లేదు. 1822లో ఈ తీరాన్ని పటం గీసిన తిమింగలాల వేటగాడు విలియం స్కోర్స్‌బీ ఇంటిపేరే దీనికి వచ్చింది.

ముఖద్వారం దగ్గర చలికాలంలో కూడా కొంత నీరు గడ్డకట్టదు. ప్రవాహాలూ గాలీ కలిసి మంచును నిలవనివ్వవు. తెరిచిన నీరుంటే సీల్‌లు ఊపిరికి వస్తాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి, వసంతంలో లిటిల్ ఆక్ పక్షులు లక్షల్లో దిగుతాయి. ఊరు సరిగ్గా ఇక్కడే ఎందుకు ఉందో చెప్పడానికి వేరే కారణం అక్కర్లేదు.

కొన్ని ఓడలు ఈ సాయంత్రమే ఊళ్లో దిగుతాయి, కొన్ని చివరికి పెట్టుకుంటాయి. చివర్లో దిగడమే మేలని మా గట్టి అభిప్రాయం. లోపలి ఫ్యోర్డుల్లో మస్క్ ఆక్స్‌ను (దట్టమైన ఉన్ని ఉన్న ఆర్కిటిక్ పశువును), పాత ఇళ్ల గుంతలను, మంచు కదలికను చూసి వచ్చినవాళ్లకు ఊళ్లో చట్రానికి బిగించిన తోలు ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదట్లోనే దిగినవాళ్లు రంగు ఇళ్ల ఫొటోలు తీసుకుని వెళ్తారు. చివరికి వాయిదా వేస్తే మంచు మూసుకుని ఊరే తప్పిపోయే ప్రమాదమూ ఉంది. ముఖద్వారం దాటేటప్పుడు గాలి తూర్పుకు తిరిగే సూచన ఉంటే, మంచి యాత్రా నాయకుడు కార్యక్రమం మార్చి ఆ పూటే దించేస్తాడు. అప్పుడు ఎవరూ గొణగకూడదు.

నాలుగో రోజు: సిడ్‌కాప్

స్కోర్స్‌బీ సుండ్‌లోని విశాలమైన నీటిభాగం హాల్ బ్రెడ్నింగ్ ఉత్తరపు కొసన, నార్త్‌వెస్ట్ ఫ్యోర్డు మొదట్లో సిడ్‌కాప్. వారంలో కాలు నేల మీద పెట్టడం ఇక్కడే మొదలు.

రబ్బరు పడవను అందరూ జోడియాక్ అనే అంటారు. ఒక్కోదానిలో పది మంది. మెట్ల దగ్గర మీ పేరు బోర్డు తిప్పాలి, లేదా కార్డు గీకాలి. తిరిగొచ్చాక మళ్లీ అదే పని. ఒక్కరు మర్చిపోయినా గైడ్‌లు తుపాకులతో కొండంతా వెతకాల్సి వస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి, కెమెరా వీపు సంచిలో ఉండాలి. మెట్ల చివర నావికుడి ముంజేతిని మీరు, మీ ముంజేతిని అతను పట్టుకోవాలి. అరచేతులు పట్టుకుంటే తడి గ్లవ్ జారిపోతుంది. పడవ అలతో పైకి లేచే క్షణం కోసం ఆగి, ముందు గాలి గొట్టం మీద, తర్వాత లోపలి మెట్టు మీద కాలేసి, వెంటనే కూర్చుని పక్కకు జరగాలి. ఒడ్డున దిగేటప్పుడు ముందువైపు జరిగి, కాళ్లను పడవ వెనకవైపుగా తిప్పి బయట పెట్టాలి. ముక్కు మీదుగా దూకితే వెనక అల పడవను ఎత్తి మీ మీదికి తోస్తుంది.

యాత్రికుల కంటే ముందే గైడ్‌లు దిగి, కొండ వాలునంతా దుర్భిణితో జల్లెడ పట్టి, తుపాకులతో చుట్టూ నిలబడతారు. ధ్రువపు ఎలుగు ఉందంటే దిగడమే ఉండదు. దిగాక కనిపిస్తే అందరూ గుంపుగా, పరుగెత్తకుండా పడవలకు చేరాలి.

సిడ్‌కాప్‌లో ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యుయిట్ల పూర్వీకులు, థూలే సంస్కృతి జనం, కట్టుకున్న చలికాలపు ఇళ్ల పునాదులున్నాయి. నేలలోకి సగం దింపిన రాతి గుంతలు, వాటికి పొడుగాటి, వంగి దూరే ప్రవేశ మార్గం. మార్గం గది కంటే లోతుగా ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి అందులోనే నిలిచిపోతుంది, పైన పడుకునే అరుగుకు వేడి నిలుస్తుంది. రాళ్ల మీద ఎక్కకూడదు, ఎముక ముక్క కూడా తియ్యకూడదు, చట్టం ఒప్పుకోదు. స్కోర్స్‌బీ వచ్చేనాటికే ఇలాంటి ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ మరుసటి ఏడు, 1823లో, ఇంకా ఉత్తరాన క్లావరింగ్ అనే కెప్టెన్‌కు పన్నెండు మంది ఇన్యుయిట్లు ఎదురయ్యారు. ఆ ఈశాన్య తీరంలో వాళ్ల తర్వాత ఇన్యుయిట్లు ఎవరికీ కనిపించలేదు.

మస్క్ ఆక్స్ దూరం నుంచి గోధుమరంగు బండలా కనిపిస్తుంది. బండ కదిలితే అదే. మందలో ఉన్నవి భయపడితే పారిపోకుండా గుండ్రంగా నిలబడతాయి, ఒంటరి మగది మాత్రం మీదికొస్తుంది. తల ఊపుతూ ముక్కును ముంగాలికి రుద్దుతుంటే అది హెచ్చరిక. గైడ్ ఆగమన్న చోటే ఆగాలి. పొదలకు చిక్కిన దాని మెత్తటి లోపలి ఉన్ని కనిపిస్తుంది. దాన్ని కివియుట్ అంటారు. ఊళ్లో దాంతో అల్లిన టోపీలు కనిపించినప్పుడు గుర్తుపడతారు.

ఐదో రోజు: బేర్ ఐలాండ్స్, ఊ ఫ్యోర్డు

ఇవాళ కళ్లకు పండగ, చెప్పడానికి తక్కువ. మిల్నే ల్యాండ్ అనే పెద్ద దీవికి ఈశాన్య మూలన పదునైన చిన్న దీవులు, వాటి వెనక ఊ ఫ్యోర్డు గోడలు దాదాపు 2,000 మీటర్ల ఎత్తు వరకు నిట్టనిలువుగా. సెప్టెంబరు మొదటి వారాల్లో వస్తే మరుగుజ్జు బర్చ్ ఆకులు ఎర్రబడి నేలంతా మండుతుంటుంది, రాత్రికి ఆకాశంలో అరోరా వెలుగులు కూడా కనిపించే అవకాశముంది. ఆగస్టు మొదట్లో రాత్రి ఆకాశం పూర్తిగా చీకటి కాదు కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. మాకు సెప్టెంబరే ఇష్టం. దోమలు ఉండవు, మంచు పలచగా ఉంటుంది. తుపాన్లు మాత్రం అప్పుడే ఎక్కువ.

కెమెరా బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచండి. గదికి వచ్చాక కెమెరాను సంచిలోంచి వెంటనే తియ్యకండి. వెచ్చటి గాలి తగిలి లెన్స్ లోపల తేమ పడుతుంది. గంట సేపు మూసిన సంచిలోనే ఉంటే చాలు.

ఆరో రోజు: ఎర్ర దీవి

రూడ్ ఫ్యోర్డులోని రూడె ఊ దీవి ఇనుము తుప్పు రంగు ఇసుకరాయి. లోపలి హిమానీనదాల నుంచి విడిపడ్డ మంచుకొండలు ఇక్కడి తక్కువ లోతుకు తట్టుకుని ఆగిపోతాయి. ఎర్ర రాయి ముందు నీలం మంచు కనిపించే ఈ చోట పడవలోంచే తిరుగుతారు.

మంచుకొండ పది వంతుల్లో తొమ్మిది నీళ్లలోనే ఉంటుంది. కింద కరిగే కొద్దీ బరువు మధ్యబిందువు మారి, ఏ హెచ్చరికా లేకుండా తిరగబడుతుంది. కనుక దాని ఎత్తుకు కనీసం రెండు మూడింతల దూరంలో ఉండాలి, కమాను ఉన్నదాని కింద నుంచి ఎప్పుడూ పోకూడదు. హిమానీనదం అంచు అయితే కనీసం 200 మీటర్లు, అది ఎత్తైనదైతే ఇంకా ఎక్కువ. దగ్గరికి పొమ్మని నడిపేవాణ్ని తొందరపెట్టే యాత్రికుడు ప్రతి ఓడలోనూ ఉంటాడు. అతని మాట వినని నడిపేవాడే మంచివాడు.

సాయంత్రం ఓడ దక్షిణపు పాయలోంచి బయటికి తిరుగుతుంది. దారిలో డెన్మార్క్ దీవి మీద హెక్లా రేవు. 1891–92 చలికాలాన్ని డేనిష్ అన్వేషకుడు కార్ల్ రైడర్ బృందం అక్కడే గడిపింది. రాత్రికి దక్షిణ తీరపు బసాల్ట్ గోడలు దాటి ముఖద్వారం చేరాలి.

ఏడో రోజు: ఇట్టొక్కొర్టోర్మీట్

పొద్దున్నే యాత్రా నాయకుడు రేడియోలో ఊరి వాళ్లతో మాట్లాడతాడు. ఏ గంటకు రావాలి, ఒకేసారి ఎంతమంది, చావు గానీ పెళ్లి గానీ ఉందా, వేట పడవలు రేవులోకి వస్తున్నాయా అని. 350 మంది ఊళ్లోకి 200 మంది ఒక్కసారి దిగితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే గుంపులుగా పంపుతారు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు దయచేసి ఓడలోనే ఉండిపోండి. ఇంత దూరం వచ్చి చూడకుండా ఉండటం కష్టమే, కానీ ఒక చిన్న ఊళ్లో అంటువ్యాధి ఇల్లిల్లూ తిరుగుతుంది, డాక్టరు సముద్రానికి అవతల ఉంటాడు.

ఈ ఊరు పాతది కాదు. 1924లో ఐనార్ మిక్కెల్సెన్ అనే డేనిష్ అన్వేషకుడు ఇక్కడ ఇళ్లు కట్టించాడు. 1925లో తాసీలాక్ ప్రాంతం నుంచి ఎనభై మందికి పైగా వచ్చి స్థిరపడ్డారు. తాసీలాక్ చుట్టూ వేట చాలక జనం ఇబ్బంది పడుతుండగా, ఇక్కడ సీల్‌లు, ఎలుగులు, వాల్రస్‌లు పుష్కలం. ఈ తీరం మీద నార్వే కన్ను ఉండటం డెన్మార్క్‌కు మరో కారణం. వచ్చిన కుటుంబాలకు మాత్రం మొదటిదే ముఖ్యం, వాళ్లు బతికింది వేట మీదే.

దిగగానే కనిపించేది రంగు చెక్క ఇళ్లు, వాటి మధ్య మెట్లు. రోడ్డు కొద్దిగానే ఉంటుంది. అడుగున రాయి, శాశ్వతంగా గడ్డకట్టిన నేల కాబట్టి గొట్టాలు పాతడం కష్టం, చాలా ఇళ్లకు మురుగు కాలువ లేదు. ఇళ్ల పక్కన స్లెడ్జి బళ్లు, వాటి మీద తాళ్ల చుట్టలు, గోడకు ఆనించిన కయాక్ చట్రాలు. ఇవన్నీ వాడుకలో ఉన్న పనిముట్లు, ముట్టుకోకండి.

ఒక చోట ఆగి తోలు ఆరబెట్టే తీరు చూడండి. నాలుగు కర్రలతో కట్టిన చట్రం, మధ్యలో సీల్ తోలు. తోలు అంచు చుట్టూ దగ్గర దగ్గరగా చీలికలు పెట్టి, వాటిలోంచి సన్నతాడు దూర్చి చట్రానికి నాలుగువైపులా సమానంగా లాగుతారు. ఒకవైపు వదులైతే ఆరేటప్పుడు అక్కడ ముడతపడి బిరుసెక్కుతుంది. చట్రానికి ఎక్కించే ముందే లోపలి కొవ్వును ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో గీకేస్తారు. పిడి పైన మధ్యలో ఉంటుంది కాబట్టి చేతి బలమంతా నేరుగా అంచు మీదికి దిగుతుంది, తోలు తెగకుండా కొవ్వు మాత్రం లేస్తుంది. కొవ్వు మిగిలితే తోలు పసుపుబారి వాసన వేస్తుంది. ఆ పని చేస్తున్నవాళ్లు ఎదురైతే ఫొటోకు ముందు కళ్లతోనైనా అనుమతి అడగండి. తల అడ్డంగా ఊపితే కెమెరా దించెయ్యండి.

కుక్కలు గొలుసులతో రాళ్ల వాలు మీద ఉంటాయి. తూర్పు గ్రీన్‌లాండ్‌లో గ్రీన్‌లాండ్ స్లెడ్జి కుక్క తప్ప మరో జాతిని ఉంచకూడదని చట్టం. ఇవి పెంపుడు కుక్కలు కావు, పనిచేసే కుక్కలు. గొలుసు ఎంత పొడవుందో చూసి ఆ వృత్తం బయటే నడవండి. కుక్కపిల్లలు మాత్రం వదిలేసి ఉంటాయి, కాళ్ల మీదికి వస్తాయి. ఎత్తుకుంటే తల్లి ఊరుకోదు. ఆర్కిటిక్ నక్కల్లో రేబిస్ ఉన్న ప్రాంతం కాబట్టి చిన్న గాటు పడినా దాచకుండా ఓడ డాక్టర్‌కు చెప్పాలి.

ఊరి చివరి ఇల్లు దాటి ఒక్క అడుగు కూడా వెయ్యకండి. ఎలుగులు ఊళ్లోకే వస్తుంటాయి. పిల్లలు బడికి బయల్దేరే ముందు వీధులు చూసి రావడానికి ఇక్కడ ఎలుగుల గస్తీ ఉంది.

చూడాల్సినవి చర్చి, చిన్న మ్యూజియం, యాత్రికుల కార్యాలయం. డెన్మార్క్ వాతావరణ సంస్థ కేంద్రం ఇక్కడి నుంచి రోజుకు రెండుసార్లు బెలూన్ వదులుతుంది, ఆ వేళకు ఉంటే చూడొచ్చు. పిలెర్సుయిసోక్ దుకాణంలో పాలపొడి నుంచి తుపాకీ గుళ్ల దాకా ఒకే కప్పు కింద ఉంటాయి. లోపలికి వెళ్లండి, చూడండి. కానీ తాజా కూరలు, పండ్లు, రొట్టె కొనకండి. ఓడలో మీకు మూడు పూటలా ఉన్నాయి. ఇక్కడివాళ్లకు మాత్రం అరలు ఖాళీ అయితే ఎప్పుడు నిండుతాయో వాతావరణం చెప్పాలి. డబ్బు డేనిష్ క్రోనర్. కార్డు పనిచేస్తుంది, లైను పోతే పనిచెయ్యదు. కాబట్టి ఐస్‌లాండ్‌లో దిగకముందే కొంత నోట్లుగా మార్చుకుని ఉంచండి, చిల్లరతో సహా.

డబ్బు ఇక్కడ ఖర్చుపెట్టడం మంచిదే, ఇంకా చెప్పాలంటే అవసరం. యాత్రికులు తినేదీ పడుకునేదీ ఓడలోనే కాబట్టి ఊరికి మిగిలేది అతి తక్కువ. 2009లో ఐరోపా సంఘం సీల్ ఉత్పత్తులను నిషేధించింది. ఇన్యుయిట్లకు మినహాయింపు ఉన్నా కొనేవాళ్ల మనసు మారిపోయి తోలు ధర పడిపోయింది. మంచు ఆలస్యంగా గడ్డకట్టడంతో స్లెడ్జి మీద వేటకు వెళ్లే రోజులూ తగ్గాయి. 2000ల మొదట్లో 500 దాటి ఉన్న జనాభా ఇప్పుడు 350 చుట్టుపక్కలకు దిగింది. మ్యూజియం టికెట్ కొనండి. డప్పు నృత్యం ఏర్పాటు చేస్తే దాని రుసుము సంతోషంగా ఇవ్వండి. కివియుట్ అల్లికలు, మస్క్ ఆక్స్ కొమ్ముతో చెక్కిన బొమ్మలు కొనుక్కోవచ్చు. నార్వాల్ అనే తిమింగలపు దంతం, వాల్రస్ దంతం, ధ్రువపు ఎలుగు గోరు లేదా తోలుతో చేసినవి ఎంత చిన్నవైనా కొనొద్దు. నార్వాల్ వస్తువులను గ్రీన్‌లాండ్ బయటికి పోనివ్వదు. మిగతావి అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం కిందికి వస్తాయి, అనుమతి పత్రాలు లేకుండా మన కస్టమ్స్ దగ్గర నిలబడలేరు. సీల్ తోలు కూడా ఇండియాకు తేవద్దు. బొమ్మ ఏ ఎముకతో చేసిందో తెలియకపోతే అమ్మేవాళ్లనే అడగండి, దాచరు.

వేట గురించి ఊళ్లో వాదన పెట్టుకోకండి. ఎలుగుకూ, నార్వాల్‌కూ ప్రభుత్వం ఏటా కోటా పెడుతుంది. మాంసం పంచుకుని తింటారు, తోలు బట్టలకు పోతుంది. ఒక్క మొక్క పండని చోట పుట్టిన వంట అది. మాంసం ముట్టని మనవాళ్లు ఎవరైనా రుచి చూడమంటే చిరునవ్వుతో చెయ్యి గుండె మీద పెట్టి వద్దంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. మొహం చిట్లించడమే తప్పు. పిల్లలకు చాక్లెట్లు పంచొద్దు. పుస్తకాలో బొమ్మలో తెస్తే ఓడ ద్వారా ముందే చెప్పి బడికి ఇప్పించండి. కిటికీల్లోంచి లోపలికి చూడటం, ఆరేసిన బట్టలను ఫొటో తియ్యడం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరెయ్యడం కూడా చెయ్యరానివే. ఇక్కడ హెలిప్యాడ్ ఉందని మర్చిపోకండి.

చివరి పడవకు అరగంట ముందే రేవుకు చేరండి. గాలి తిరిగితే మంచుపలకలు గంటలో రేవు నోటికి చేరతాయి. అప్పుడు ఓడ మూడు పొడుగు కూతలు వేసినా, రేడియోలో పిలిచినా కొంటున్న వస్తువు అక్కడే వదిలేసి రావాలి.

ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు: వెనక్కి

మళ్లీ జలసంధి, మళ్లీ మాత్ర. అరువు బూట్లను కడిగి, గాడులు గీకి అప్పగించాలి. తర్వాతి వారం వాటితోనే మరొకరు సిడ్‌కాప్ మీద నడుస్తారు. పాస్‌పోర్టులు తిరిగిస్తారు, అకురేరిలో దిగగానే షెంగెన్ ప్రవేశం మళ్లీ నమోదవుతుంది. ఇంటికి వెళ్లే విమానాన్ని ఓడ దిగిన రోజుకే కొనుక్కోకండి, కనీసం ఒక రాత్రి ఎడం ఉంచుకోండి. మంచు వల్ల ఓడ పన్నెండు గంటలు ఆలస్యమవడం ఈ మార్గంలో వింతేమీ కాదు. అకురేరి నుంచి కెఫ్లావిక్ అంతర్జాతీయ విమానాశ్రయం రోడ్డు మీద ఐదారు గంటల దూరం.